ఫిల్మ్ కెమెరా నేర్చుకోవడానికి ఏది మేలు: యాషికా ఎంఎఫ్-2నా, పెంటాక్స్ కె1000నా?

బీరువాలో నాన్న వాడిన యాషికా ఎంఎఫ్-2 దొరికింది, దాంతోనే మొదలుపెట్టవచ్చా అని తిరుపతి కుర్రాళ్ళు అడుగుతుంటారు. తప్పకుండా పెట్టవచ్చు. కానీ ఫొటో తీయడం నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే నా ఓటు పెంటాక్స్ కె1000 లాంటి, అన్నీ చేత్తోనే సెట్ చేసుకునే మాన్యువల్ కెమెరాకే.

యాషికాలో ఫోకస్ తిప్పే పనే లేదు, చూసి నొక్కడమే. భక్తులు వేషాలు కట్టే తాతయ్యగుంట గంగమ్మ జాతరకైతే నేనూ అదే పట్టుకెళ్ళమంటాను. ఆ తోపులాటలో కె1000 ఫోకస్ రింగ్ తిప్పేలోపు వేషం మనల్ని దాటిపోతుంది. అయితే ఫొటో ఎందుకు బాగా వచ్చిందో, ఎందుకు పాడైందో యాషికా మనకు నేర్పదు.

కె1000 1976 నుంచి 1997 దాకా తయారైంది. బ్యాటరీ వెలుతురు కొలిచే లైట్ మీటర్‌కు మాత్రమే, అది అయిపోయినా షట్టర్ పనిచేస్తుంది. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కుడి పక్కన ఆ మీటర్ చిన్న ముల్లు ఉంటుంది. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు నిలబడి, ఎండ పడిన గోడ వైపు కెమెరా పెడితే ముల్లు పైకి లేస్తుంది. కమానుల నీడలోకి తిప్పగానే కిందికి జారిపోతుంది. మన కంటికి రెండూ బాగానే కనిపిస్తాయి, ఫిల్మ్‌కు అలా కాదు. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు), షట్టర్ స్పీడ్ (ఫిల్మ్ మీద వెలుతురు ఎంతసేపు పడాలన్నది) మన చేత్తోనే మార్చుకుంటూ ముల్లును మధ్యకు తెస్తుంటే, కొన్నాళ్ళకు కెమెరా తీయకముందే వెలుతురు ఎంతుందో అంచనా దొరుకుతుంది. నిండు ఎండలో 200 ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుతురును పట్టే శక్తి) ఫిల్మ్‌కు అపర్చర్ ఎఫ్/16, షట్టర్ 1/250 సెకను సరిపోతుంది. కలర్ నెగటివ్ వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది కాబట్టి అనుమానం వస్తే రంధ్రం ఇంకాస్త తెరుచుకునే ఎఫ్/11 పెట్టండి.

రోల్ వేశాక ఇంకో జాగ్రత్త. ఎడమ పక్క రీవైండ్ నాబ్‌ను మెల్లగా తిప్పి ఫిల్మ్ బిగించండి. తర్వాత ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ లాగినప్పుడల్లా ఆ నాబ్ కూడా తిరగాలి. తిరగకపోతే లోపల ఫిల్మ్ కదలడం లేదన్నమాట.

ఇక కలరా, బ్లాక్ అండ్ వైటా? జాతరకు కలరే. బండ వేషంలో ఒళ్ళంతా పూసుకున్న కుంకుమ బ్లాక్ అండ్ వైట్‌లో బూడిద రంగైపోతే ఏం లాభం? నేర్చుకునేటప్పుడు మాత్రం బ్లాక్ అండ్ వైట్ మేలు, ఫిల్మ్ ఇంట్లోనే కడుక్కోవచ్చు (డెవలప్ చేసుకోవచ్చు). దానికి వాడే డెవలపర్ మందు సాధారణంగా 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన ట్యాంకు నీళ్ళు కాలిపోతుంటాయి, ఐస్ లేకుండా కుదరదు. డిసెంబరు, జనవరిల్లో అంత టెన్షన్ ఉండదు. కలర్‌కు 38 డిగ్రీలు, అదీ అటూ ఇటూ కాకుండా ఉండాలి. మొదట్లో ల్యాబ్‌కే ఇవ్వండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు వెనక తలుపు తీసి, 1 సెకను నుంచి 1/1000 దాకా అన్ని స్పీడ్‌లూ నొక్కి చూడండి. తలుపు అంచుల్లోని నల్ల స్పాంజి జిగటగా ఉంటే భయం లేదు, మార్పించుకోవచ్చు. లెన్స్‌లో బూజు కనిపిస్తే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.