ఎంటీటీ పొడి: చవకే, కానీ ఊదా రంగును ఊరికే నమ్మొద్దు

క్యాన్సర్ కణాల మీదో, రసాయనాల విషప్రభావం మీదో పనిచేసే ల్యాబ్‌లో ఫ్రీజర్ తెరిస్తే, అల్యూమినియం రేకు చుట్టిన పసుపు ద్రావణం దాదాపుగా కనిపిస్తుంది. అదే ఎంటీటీ (MTT) అనే రసాయనం. దీనితో చేసే పరీక్షను 1983లో టిమ్ మోస్మన్ ప్రచురించాడు. బతికున్న కణాల్లోని ఎంజైములు ఈ పసుపు రసాయనాన్ని ఊదా రంగు ఫార్మజాన్ స్ఫటికాలుగా మారుస్తాయి. రంగు ఎంత ముదిరితే అన్ని కణాలు బతికున్నట్టు లెక్క. పేచీ అంతా ఆ లెక్క దగ్గరే.

ముందు ఖర్చు సంగతి. 1 గ్రాము పొడిని మి.లీ.కి 5 మి.గ్రా. చొప్పున పీబీఎస్‌లో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) కలిపితే 200 మి.లీ. ద్రావణం వస్తుంది. ఒక్కో వెల్‌ (ప్లేటులోని చిన్న గుంట)లో ఉన్న 100 మైక్రోలీటర్ల మీడియానికి (కణాలు పెరిగే పోషక ద్రవం) 10 మైక్రోలీటర్లు చాలు కాబట్టి, 96 వెల్స్ ప్లేటుకు సుమారు 1 మి.లీ. పడుతుంది. అంటే ఒక్క సీసాకు దాదాపు 200 ప్లేట్లు. సీసీకే-8 లాంటి రెడీమేడ్ కిట్ అయితే 5 మి.లీ. సీసా అయిదు ప్లేట్లకే ఖాళీ. కిట్‌లో సుఖం లేకపోలేదు: రంగు నీళ్లలోనే కరుగుతుంది, రంగు ఎంత ముదిరిందో ప్లేట్ రీడర్‌లో నేరుగా 450 నానోమీటర్ల కాంతి దగ్గర చదవొచ్చు. వారానికి రెండు ప్లేట్లు చేసే ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు మాత్రం పొడే నయం.

కలిపాక 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, 1 మి.లీ. చొప్పున ట్యూబుల్లో పంచి, వెలుతురు తగలకుండా మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి. ద్రావణం ఆకుపచ్చకు తిరిగితే మొహమాటం లేకుండా పారబోయడమే. గ్లౌజులు తప్పనిసరి.

వెల్‌కు 5,000 నుంచి 10,000 కణాలు వేసి, మందు ఇచ్చిన గడువు అయ్యాక ఎంటీటీ కలిపి 37 డిగ్రీల్లో 3 నుంచి 4 గంటలు ఉంచాలి. మీడియం తీసేసి, డీఎంఎస్ఓ అనే ద్రావకం 100 మైక్రోలీటర్లలో స్ఫటికాలను కరిగించి, 570 నానోమీటర్ల దగ్గర చదివి, అందులోంచి 630 నానోమీటర్ల రీడింగ్ తీసేయాలి. ఎక్కువ ప్లేట్లు చెడేది మీడియం తీసేటప్పుడే: పిపెట్ మొన అడుగుకు తగిలితే స్ఫటికాలు దానితోనే పోతాయి. ప్లేటును కాస్త వాల్చి అంచు నుంచి లాగాలి. జర్కాట్, కె562 లాంటి తేలే కణాలకైతే ముందు ప్లేటును సెంట్రిఫ్యూజ్ చేయాలి. చుట్టూ ఉన్న 36 వెల్స్‌లో మీడియం త్వరగా ఆవిరవుతుంది కనుక వాటిలో పీబీఎస్ పోసి, లోపలి 60నే వాడాలి.

ఇక అసలు చిక్కు. మొక్కల సారాలు, విటమిన్ సి లాంటి యాంటీఆక్సిడెంట్లు కణం ఒక్కటీ లేకపోయినా ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి, మందు పనిచేసినా చేయనట్టు తేలుతుంది. కాబట్టి కణాలు లేకుండా సారం, ఎంటీటీ మాత్రమే ఉన్న వెల్స్ కొన్ని ఉండాల్సిందే. అక్కడ రంగు వస్తే, ఎంటీటీ వేసేముందు సారాన్ని తీసేసి పీబీఎస్‌తో మెల్లగా కడగాలి. సారానికే రంగుంటే ఎంటీటీ లేని వెల్స్ కూడా పెట్టి ఆ రీడింగ్ తీసేయాలి. కృత్రిమ చర్మంపై చికాకును పరీక్షించే ఓఈసీడీ (అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ) 439 మార్గదర్శకం కూడా ఈ రెండు చిక్కులకూ కంట్రోళ్లు, అంటే పోల్చి చూసే వెల్స్ లాంటివి, అడుగుతుంది. ఇవి లేని ఐసీ50 (రీడింగ్‌ను సగానికి తగ్గించే మోతాదు) పట్టిక చూస్తే పేజీ తిప్పేయడమే మేలు.

ఇంకో సంగతి: ఎంటీటీ కొలిచేది జీవక్రియను, చావును కాదు. మందు కణ విభజనను ఆపినా రంగు తగ్గుతుంది. గ్లూకోజ్ దండిగా ఉన్న మీడియంలో పెరిగే హెప్‌జి2 అనే కాలేయ క్యాన్సర్ కణాలు గ్లైకాలిసిస్‌తో (మైటోకాండ్రియా అవసరం లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టి శక్తి తీసే దారి) నెట్టుకొస్తాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు తగిలిన దెబ్బ బయటపడదు. గ్లూకోజ్ బదులు 10 మిల్లీమోలార్ గెలాక్టోజ్ ఇస్తే బయటపడుతుంది. "కణాలను చంపింది" అని రాయాలంటే ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు) లెక్కో, ఎల్‌డీహెచ్ (చితికిన కణాల నుంచి బయటికొచ్చే ఎంజైము) పరీక్షో తోడుండాలి.

కొనేటప్పుడు 1 గ్రాము సీసాతోనే సరిపెట్టుకోండి. పెద్ద సీసాను పదే పదే తెరిస్తే తేమ, వెలుతురు తగులుతాయి, అన్ని ప్లేట్లు చేసే వాళ్లూ తక్కువే.