పాంక్రియాస్ గడ్డ క్యాన్సరా కాదా? ఎఫ్‌డీజీ పెట్, ఫాపీ పెట్: ఏది మేలు?

కామెర్లు వచ్చాయి, సీటీలో పాంక్రియాస్ (క్లోమం) తలభాగంలో గడ్డ కనిపించింది, రిపోర్టులో మాత్రం క్యాన్సర్ కావచ్చు, వాపు కూడా కావచ్చు అని రాశారు. ఇక ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. "పెట్ స్కాన్ తీయిస్తే తేలిపోతుంది కదా" అనే మాట వెంటనే వస్తుంది. చాలాసార్లు తేలదు. డబ్బు కట్టే ముందే ఈ సంగతి తెలిస్తే మంచిది.

మన దగ్గర ఎక్కువగా దొరికేది ఎఫ్‌డీజీ పెట్. గ్లూకోజ్ లాంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించి నరంలోకి ఎక్కిస్తారు, ఒక గంట కదలకుండా కూర్చోబెట్టి స్కాన్ తీస్తారు. క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి వెలుగుతాయి. చిక్కేమిటంటే, వాపు ఉన్నచోట చేరే తెల్ల రక్తకణాలు కూడా అలాగే లాక్కుంటాయి. ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే పాంక్రియాస్‌ మీద తిరగబడి తెచ్చే వాపు) వెలుగుతుంది, ఇన్ఫెక్షన్ సోకిన పిత్తనాళం వెలుగుతుంది, పిత్తనాళం తెరిచి ఉంచడానికి కొత్తగా వేసిన స్టెంట్ గొట్టం చుట్టూ వెలుగుతుంది. పిత్తాశయంలో వచ్చే ఒక రకం దీర్ఘకాలిక వాపు అయితే స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లాగే ఉంటుంది.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. పాంక్రియాస్ జబ్బు ఉన్నవాళ్లలో షుగర్ ఎక్కువ. ఇంజెక్షన్‌కి ముందు వేలు గుచ్చి చూస్తే 240 వచ్చిందనుకోండి, చాలా సెంటర్లలో ఆ రోజుకి వెనక్కి పంపేస్తారు, ఎందుకంటే రక్తంలో ఉన్న చక్కెరే ఆ మందుతో పోటీపడి నిజమైన క్యాన్సర్‌ని కూడా మసకగా చూపిస్తుంది. సెంటీమీటరు కంటే చిన్న గడ్డలు కూడా తప్పించుకోవచ్చు. అందుకే రిపోర్టులో ఎస్‌యూవీ అంకె (ఎంత వెలిగిందో చెప్పే కొలత) ఒక్కటే చూసి భయపడకండి, ధైర్యపడకండి కూడా.

ఫాపీ పెట్ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రూపుదిద్దుకుంది. ఇది చక్కెరను కాదు, క్యాన్సర్ చుట్టూ పీచులా అల్లుకునే ఫైబ్రోబ్లాస్ట్ కణాలను పట్టుకుంటుంది. పాంక్రియాస్ క్యాన్సర్ గడ్డలో ఆ పీచే ఎక్కువ కాబట్టి బాగా వెలుగుతుంది. పరగడుపున ఉండక్కర్లేదు, షుగర్ గొడవ లేదు. లివర్ మామూలుగా ఇందులో పెద్దగా వెలగదు, అందుకని పిత్తనాళ క్యాన్సర్, లివర్‌కి పాకిన చిన్న మచ్చలు స్పష్టంగా తెలుస్తాయి. ఇక్కడ దీన్ని ఎఫ్‌డీజీ కంటే పై మెట్టులోనే పెడతాను.

కానీ మామూలు గడ్డా, క్యాన్సర్ గడ్డా అనే అసలు ప్రశ్న దగ్గర ఇదీ తడబడుతుంది. పాత పాంక్రియాటైటిస్ మచ్చల్లోనూ ఫైబ్రోబ్లాస్టులే ఉంటాయి, ఐజీజీ4 జబ్బులో (ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్‌లో ఒక రకం దీనివల్లే వస్తుంది) అయితే మరీ గట్టిగా వెలుగుతుంది. ఇంకొకటి: తలభాగంలో గడ్డ పాంక్రియాస్ నాళాన్ని మూసేస్తే వెనక ఉన్న పాంక్రియాస్ అంతా వాచిపోయి మొత్తం వెలుగుతుంది, ఆ వెలుగులో అసలు గడ్డ ఎక్కడుందో గుర్తుపట్టడం కష్టమవుతుంది.

న్యూరో ఎండోక్రైన్ గడ్డ (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టేది) అని అనుమానం ఉంటే మాత్రం ఈ రెండూ పక్కన పెట్టి, ఆ కణాలనే పట్టుకునే డోటాటేట్ పెట్ అడగండి, దాని పని అదే.

నా లెక్క ఇది. క్యాన్సర్ అని తేలాక ఎక్కడికి పాకిందో చూడాలంటే, దొరికితే ఫాపీ, దొరక్కపోతే ఎఫ్‌డీజీ. అసలు క్యాన్సరా కాదా తేల్చాలంటే రెండింటికంటే ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తో సూది గుచ్చి తీసే ముక్కే (బయాప్సీ) మేలు. ఆ ముక్కలో ఏమీ రాకపోయినా అనుమానం గట్టిగా ఉంటే మళ్లీ తీయాల్సి రావచ్చు. గడ్డ తీయడానికి వీలుగా ఉండి, సీటీలో లక్షణాలన్నీ క్యాన్సర్‌లాగే ఉంటే సర్జన్లు బయాప్సీ లేకుండానే ఆపరేషన్‌కి వెళ్తారు, అది తప్పేమీ కాదు.

డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "ఈ స్కాన్‌లో వెలిగితే ఏం చేస్తారు, వెలగకపోతే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు బయాప్సీయే అయితే ముందు బయాప్సీకే వెళ్లొచ్చు. వీలైతే స్టెంట్ వేయకముందే మంచి సీటీ తీయించండి. ఇప్పటికే వేసి ఉంటే ఏ తేదీన వేశారో, షుగర్ ఎంత ఉందో, ఏ మందులు వాడుతున్నారో కాగితం మీద రాసి స్కాన్ చేసేవాళ్ల చేతికివ్వండి, రిపోర్టు రాసే డాక్టర్‌కి అవి కావాలి.