సెలైనా, ఆల్బుమినా: ఏది మేలు?

తిరుపతిలో ఆస్పత్రుల పక్కన మందుల షాపు నడుపుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మొన్న చంద్రగిరి నుంచి వచ్చిన ఒకాయన చీటీ చేతికిస్తూ, "అన్నా, మా పిల్లోడికి డెంగీ. ఉత్త సెలైనే ఎక్కిస్తా ఉండారు. ఆల్బుమిన్ అని ఖరీదైన బాటిల్ ఉండాదంట కదా, అది తీసుకుపోతే తొందరగా లేస్తాడా?" అన్నాడు.

ఒక గ్లాసులో ఉప్పునీళ్లు, ఇంకో గ్లాసులో పలచటి గంజి పోసి, చీకట్లో పక్క నుంచి ఫోన్ టార్చ్ వేయండి. ఉప్పునీళ్లలో వెలుగు దారి కనబడదు, గంజిలో తెల్లటి చారలా కనబడుతుంది. గంజి కొల్లాయిడ్. అందులోని కణాలు పెద్దవి. సెలైన్ అంటే లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంతే. రక్తనాళాల్లోకి ఎక్కించిన దాంట్లో ఎక్కువ భాగం కాసేపటికే గోడలు దాటి ఒంట్లోకి పోతుంది. ఆల్బుమిన్ కూడా గంజిలాగా కొల్లాయిడే, మన లివర్ తయారుచేసే ప్రోటీన్. అది నాళాల్లోనే ఉండి నీళ్లను లోపలికి లాగి పట్టుకుంటుంది.

లెక్క ప్రకారం ఆల్బుమినే గెలవాలి. కానీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో దాదాపు 7000 మందిలో కొందరికి సెలైన్, కొందరికి ఆల్బుమిన్ ఎక్కించి చూసి, 2004లో ఫలితం చెప్పారు: 28 రోజుల్లో చనిపోయినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. జబ్బు ముదిరితే నాళాల గోడలే కారుతాయి, ఆల్బుమిన్ కూడా బయటికి పోతుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లకైతే ఆల్బుమిన్‌తో నష్టమే కనబడింది.

ఇలాగే నాళాల్లోకి ఎక్కించే, మన గంజికి చుట్టమే అనదగ్గ స్టార్చ్ కొల్లాయిడ్ కథ ఇంకా ఘోరం. కిడ్నీలు దెబ్బతింటున్నాయని 2012లో పెద్ద పరీక్షల్లో తేలింది, 2022లో యూరప్ దాన్ని ఆపేసింది.

ఆల్బుమిన్‌కు తిరుగులేని చోటు ఒకటుంది. లివర్ చెడి పొట్టలో నీరు చేరినవాళ్లకు ఒకేసారి 5 లీటర్లకు మించి తీస్తే, తీసిన ప్రతి లీటరుకూ 6 నుంచి 8 గ్రాములు ఎక్కించాలి. 20 శాతం బాటిల్ 100 మిల్లీలీటర్లలో ఉండేది 20 గ్రాములే, అంటే కనీసం రెండు బాటిళ్లు. అక్కడ డబ్బుకు వెనకాడకూడదు.

డెంగీలో మాత్రం ముందు సెలైన్, రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటిదే, ఇంకొన్ని ఉప్పులు కలిపిన ద్రవం) లాంటివే. వాటికి షాక్ (ఒంటికి రక్తం చాలినంత అందని స్థితి) లొంగకపోతేనే కొల్లాయిడ్, అదీ డాక్టర్ చూసి. ఆయనకు ఇదే చెప్పాను. నా బేరం పోయిందనుకోండి. చీటీలో ఉన్న రింగర్ లాక్టేట్ రెండు బాటిళ్లు సంచిలో వేసుకుని వార్డు వైపు పరుగు తీశాడు.