రామగుండం ఎండా, విశాఖ ఉక్కపోతా: ఏది ఎక్కువ కష్టం?

మే నెలలో రామగుండానికి 45 డిగ్రీలు కొత్త కాదు. విశాఖలో 35కే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. పది డిగ్రీలు తక్కువైనా ఇంత అవస్థ ఎందుకు?

ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. రామగుండంలో పొడిగాలి, చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. కూలర్, కుండనీళ్లు అక్కడ బాగా పనిచేసేదీ అందుకే. విశాఖలో గాలి అప్పటికే సముద్రపు తేమతో నిండి ఉంటుంది; చెమట కారుతుందే గానీ ఆరదు. అక్కడ కూలర్ కొనడం డబ్బు దండగ, ఫ్యానే నయం.

చిరాకు విశాఖలోనే ఎక్కువ. నాకు భయం మాత్రం రామగుండం ఎండంటేనే. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేదాకా ఒంట్లో నీరు పోతున్నట్టే తెలియదు.