బియాస్ నదిని చూడాలంటే మనాలీలో ఆగిపోకండి

మనాలీ వెళ్లే చాలామంది బియాస్‌ని బ్రిడ్జి మీద నుంచి ఒక ఫొటో తీసుకుని వచ్చేస్తారు. నా మటుకు నాకు ఆ నది అందమంతా ఊరికి పైనే ఉంది. పల్చాన్ అనే ఊరి దగ్గర రెండు పాయలు కలుస్తాయి, ఒకటి రోహ్‌తాంగ్ కనుమ నుంచి దిగేది, ఇంకోటి సోలాంగ్ వైపు బియాస్ కుండ్ అనే మడుగు నుంచి వచ్చేది. బియాస్ అన్న పేరు వ్యాసుడి నుంచే వచ్చిందంటారు, ఆ పాయలు పుట్టే రెండు చోట్లా ఆయన పేరే చెప్తారు.

ఒక్కటే చూసే టైం ఉంటే బియాస్ కుండ్‌కే వెళ్లండి. రోహ్‌తాంగ్ 3,978 మీటర్ల ఎత్తు, మంచు బాగుంటుంది, కాదనను. కానీ బండికి ఆన్‌లైన్ పర్మిట్ తీసుకోవాలి, సీజన్‌లో ట్రాఫిక్‌కే సగం రోజు పోతుంది. కుండ్‌కైతే ధుండీ దాకా టాక్సీలో వెళ్లి అక్కణ్ణుంచి నడవాలి. దారిలో బకర్‌థాచ్ అనే పచ్చిక బయలు వస్తుంది, గొర్రెల కాపరులు మందలతో దిగే చోటు. అక్కడ టెంట్‌లో రాత్రి ఉండి, తెల్లారగానే పైకి బయల్దేరడం మేలు, ఎందుకంటే ఎండెక్కే కొద్దీ పైన మంచు కరిగి, పొద్దున తేలిగ్గా దాటిన వాగే మధ్యాహ్నానికి ఉధృతంగా మారుతుంది. హిమానీనదం వదిలేసిన రాళ్ల గుట్టలు ఎక్కి దిగాక, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఆ చిన్న మడుగు కనిపిస్తుంది. గైడ్ లేకుండా వెళ్లొద్దు, పొగమంచు కమ్మితే ఆ రాళ్లలో దారి తెలీదు.

బసకి మనాలీ బజారు వీధి మాల్ రోడ్ వద్దు. వేడినీళ్లు 24 గంటలూ వస్తాయని చెప్పిన హోటల్‌లో మాకు సాయంత్రం గంటసేపే వచ్చాయి, రాత్రంతా హారన్లు. తర్వాత పక్కనే ఉన్న వశిష్ఠ్ అనే ఊరికి మారాం, చాలా నయం. గుడి దగ్గర వేడినీటి బుగ్గల్లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరు కొలనులు ఉన్నాయి, నడిచొచ్చిన కాళ్లకి అంతకంటే ఏం కావాలి! పాత మనాలీ కూడా బాగుంటుంది కానీ అక్కడ కేఫెల సందడి ఎక్కువ.

అటల్ టన్నెల్ తప్పకుండా దాటండి. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, 2020 అక్టోబర్‌లో తెరిచారు. ఇటు దేవదారు అడవులు, అటు లాహౌల్ లోయలో దాదాపు చెట్టే లేని కొండలు, రుతుపవనాల మేఘాలు మధ్యలో ఉన్న కొండ దాటి పెద్దగా పోలేవు మరి. అటువైపు కనిపించేది చంద్రా నది, అది చీనాబ్‌లోకి పోతుంది.

రాఫ్టింగ్ కుల్లూ కింద, పిర్డీ నుంచి ఝిరీ దాకా. లైఫ్ జాకెట్ బిగుతుగా ఉందో లేదో మీరే లాగి చూసుకోండి, హెల్మెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు. ఇంకా కిందికి వెళ్తే లార్జీ డ్యామ్, దాని దిగువన థలౌత్. 2014 జూన్ 8న డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది అక్కడే కొట్టుకుపోయారు. మన పిల్లలు వాళ్లు, ఆ రోడ్డు మీద వెళ్తుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. డ్యామ్‌ల దిగువన ఎంత ఖాళీగా కనిపించినా నదిలోకి దిగకండి.

జూన్‌లో గానీ సెప్టెంబర్ చివర్లో గానీ వెళ్లండి. జూలై, ఆగస్టుల్లో వద్దు, జూలై 15 నుంచి రెండు నెలలు రాఫ్టింగ్ కూడా ఉండదు. 2023 జూలై వరదల్లో ఈ నది మనాలీ హైవేని చాలాచోట్ల కోసుకుపోయింది.