పోలార్ హెచ్10 ఛాతీ పట్టీ: మొత్తం కాదు, పద్దులు చూపిస్తుంది

గుండె నిమిషానికి అరవై సార్లు కొట్టుకుంటోందంటే సరిగ్గా సెకనుకొకసారి కొట్టుకుంటోందని అర్థం కాదు. అరవై అనేది మొత్తం. బ్యాంకు ఆడిట్లలో ఉద్యోగం వెళ్లదీసిన నాకు, పద్దులు దాచి మొత్తం ఒక్కటే చూపిస్తే నమ్మకం కుదరదు. చేతి స్మార్ట్ గడియారం చేసేది అదే కాబట్టి ఈ పట్టీ తెప్పించుకున్నాను.

చూడటానికి సాదా వస్తువు. సాగే పట్టీ, లోపలివైపు ఎలక్ట్రోడ్లు, టిచ్ బటన్లతో బిగించే చిన్న బిళ్ల. ఎలక్ట్రోడ్లను తడిపి ఛాతీ చుట్టూ బిగుతుగా కట్టుకోవాలి. మే నెల చెన్నై మాంబళంలో తడపడమెందుకు, చెమట చాలదా అనిపిస్తుంది గానీ, తెల్లవారుజామున ఫ్యాను కింద ఒళ్లు పొడిగానే ఉంటుంది. వాడాక బిళ్ల ఊడదీసి పట్టీని నీళ్లలో జాడించాలి. బ్యాటరీ సీఆర్2025, గడియారాల కొట్లో దొరుకుతుంది.

గడియారం మణికట్టు మీద వెలుగు పడేసి చర్మం కింద రక్తం పొంగి తగ్గడాన్ని చూసి అంచనా వేస్తుంది. పట్టీ గుండె పుట్టించే విద్యుత్తునే పట్టుకుంటుంది. ఈసీజీలో నిటారుగా లేచే ఆర్ శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఎన్ని మిల్లీసెకన్లో లెక్కించి ఫోనుకు పంపుతుంది. వాటిని విడివిడిగా చూపించే యాప్ ఒకటి వేసుకోవాలి. వరసగా 940, 1010, 960, 1000 వచ్చాయనుకోండి. సగటు తీస్తే నిమిషానికి 61, అంతే. పక్కపక్క వాటి తేడాలు 70, 50, 40. వీటిని వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే సుమారు 55. గుండె దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామాల హెచ్చుతగ్గులను కొలిచే, గొప్పగా చెప్పుకునే హెచ్‌ఆర్‌వీలో ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ అనే అంకె ఇదే. కాగితం మీద కట్టుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది ఊపిరి కనిపించడం. గాలి పీలుస్తుంటే విరామాలు కురచవుతాయి, వదులుతుంటే సాగుతాయి. గుండెకు కళ్లెం వేసే వేగస్ అనే నరం పట్టు బిగించడం, సడలించడం ఫోను తెర మీదే తెలుస్తుంది. “ఊపిరిని కూడా ఆడిట్ చేస్తున్నారా?” అని మా ఆవిడ విసుక్కుంది.

విజయవాడలో పెళ్లి చూసుకుని, రాత్రి రైల్లో కునుకు లేకుండా సెంట్రల్‌లో దిగిన ఉదయం నా పాత గడియారం హెచ్‌ఆర్‌వీ బ్రహ్మాండంగా ఉందంది. ఇంటికి వచ్చి పట్టీ కట్టి చూస్తే, మధ్యలో ఒక విరామం 610, దాని వెంటే 1350. ఒక దెబ్బ ముందే పడి, తర్వాత గుండె కాస్త ఆగింది. ఇలాంటి జంట ఒక్కటి చాలు, అంకె ఆకాశానికెక్కడానికి. డాక్టరుగారు ఈసీజీ తీసి, అరుదుగా పడితే కంగారు అక్కర్లేదన్నారు. తరచుగా పడినా, కళ్లు తిరిగినా యాప్‌ను కాదు, డాక్టర్ను అడగాలి. గుండె పై గదులు అదుపు తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో లయ పూర్తిగా తప్పి ఈ అంకె బాగా పెరగవచ్చు కూడా. ఎక్కువ ఉంటే మంచిదని గుడ్డిగా అనుకోవడానికి లేదు.

నటేశన్ పార్కులో నడకకు వచ్చే మిత్రుడు “మీది ఎంత సార్?” అని రోజూ అడుగుతారు. నేను చెప్పను. వయసుతో ఈ అంకె తగ్గుతుంది, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలతో మారుతుంది. ఆయన వయసూ మాత్రలూ వేరు. కొలిచే నిడివి కూడా ముఖ్యమే. యూరప్, ఉత్తర అమెరికా నిపుణుల సంఘాలు 1996లో ఇచ్చిన ప్రమాణాలు చిన్న కొలతకు అయిదు నిమిషాలు, పెద్దదానికి 24 గంటలు అంటాయి. ఒకదానితో మరొకటి పోల్చకూడదు. నేనైతే లేవగానే, కాఫీకి ముందు, కూర్చుని అయిదు నిమిషాలు.

అడుగుల లెక్క, నిద్రకు మార్కులు కావాలంటే ఇది కొనకండి. దీనికి తెర కూడా లేదు.