పాత అంబాసిడర్ రేకు మీద స్ట్రిప్ డిస్క్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

గుల్లగుల్లగా, గిన్నెలు తోమే పీచులా ఉంటుంది గ్రైండర్‌కి బిగించే ఈ నల్ల స్ట్రిప్ డిస్క్. దీంతో నలభై ఏళ్ల పెయింట్ ఊడుతుందంటే చూసినవాళ్లెవరూ నమ్మరు. కాకినాడలో నా 1978 మార్క్ 3 అంబాసిడర్‌తో మొదలుపెట్టి, తెలిసినవాళ్ల చేతక్ స్కూటర్లు, ఒక ముసలి జీపు దాకా దీన్నే వాడుతున్నాను. అరిగిపోతే మళ్లీ దీన్నే కొంటున్నాను.

కారణం ఒక్కటే. ఇది పెయింట్‌ని, తుప్పుని తింటుంది, రేకు జోలికి పెద్దగా పోదు. గరుకు కాగితం రెక్కలుండే ఫ్లాప్ డిస్క్ అలా కాదు, తుప్పుతో పాటు రేకునీ పలచన చేసేస్తుంది. అసలే పాత బాడీ, ఉన్న మందం కాస్తా పోతే వెల్డింగ్ పెట్టినా నిలవదు, చిల్లులు పడుతుంది. గ్రైండర్‌కే బిగించే ఇనప తీగల వైర్ కప్ బ్రష్ చూడ్డానికి బాగా పనిచేసినట్టే ఉంటుంది. కానీ చాలాసార్లు అది తుప్పుకి మెరుగు పెట్టి వదిలేస్తుంది. వెలుగులో వంగి చూస్తే గుంటల అడుగున నల్లటి చుక్కలు అలాగే కనబడతాయి. పైగా తీగలు ఊడి ఎగురుతాయి, చొక్కాలోంచి గుచ్చుకుంటాయి. కళ్లద్దాలు చాలవు, ముఖం మొత్తం కప్పే షీల్డ్ పెట్టుకోవాల్సిందే.

కొనేముందు డిస్క్ మధ్య రంధ్రం చూసుకోండి. 4 అంగుళాల గ్రైండర్‌కి 16 మి.మీ., 5 అంగుళాల దానికి 22 మి.మీ. ఉండాలి. డిస్క్ మీద రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీ గ్రైండర్ ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి. మామూలు 4 అంగుళాల మెషీన్ 11,000 దగ్గర తిరుగుతుంది, ఈ పనికి అంత వేగం అక్కర్లేదు. స్పీడ్ కంట్రోల్ ఉన్న మెషీన్ అయితే తగ్గించి పెట్టుకోండి. వేగం ఎక్కువైతే పెయింట్ కరిగి జిగురుగా డిస్క్‌కి అంటుకుంటుంది, రేకు కూడా వేడెక్కి అలలు తేలుతుంది. నొక్కొద్దు, మెషీన్ బరువే చాలు.

మా బండి వెనక ఫెండర్ మీద డిస్క్ ఆడిస్తుంటే పొరలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పైన తెలుపు, దాని కింద లేత నీలం, మళ్లీ తెలుపు, ఆ కింద వేలు మందాన బూడిదరంగు పుట్టీ. పుట్టీ ఊడాక చూస్తే అడుగున రేకు లేదు, జల్లెడ ఉంది. టింకరింగ్ మేస్త్రీ చూసి, "ఇన్నాళ్లూ బండిని మోసింది పుట్టీయేనండీ" అన్నాడు. అందుకే పని మొదలుపెట్టేముందు మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బాడీ అంతా జరిపి చూస్తాను. అది పట్టు వదిలిన చోటల్లా కింద పుట్టీ కథ ఉన్నట్టే.

డిస్క్‌కి చేతకాని చోట్లూ ఉన్నాయి. డోరు అడుగు మడత, అతుకుల సందులు, హెడ్‌లైట్ గుంత లోపలికి అది పోదు. రేకు అంచు తగిలితే డిస్కే ముక్కలుగా చిరిగిపోతుంది. వంపుల దగ్గర జెల్ లాంటి పెయింట్ రిమూవర్ పూసి, మీద పాలిథిన్ కవర్ కప్పుతాను. చాలా రిమూవర్లలో ఉండే డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండాకాలంలో కప్పకపోతే పని చేసేలోపే ఆవిరైపోతుంది, అందుకే తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. ఆ ఆవిరి గాలికంటే బరువు, షెడ్డులో నేల దగ్గర పేరుకుంటుంది. ఒంట్లోకి వెళితే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లోనే ఇలాంటి రిమూవర్లను ఇంటి వాడకానికి అమ్మకుండా నిషేధించారు. ఆరుబయట తప్ప నేను మూత తీయను. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి గ్రైండర్ పట్టినప్పుడు గాలిని వడకట్టే డబ్బాలుండే కార్ట్రిడ్జ్ మాస్క్ తప్పదు. కరోనా నాటి గుడ్డ మాస్కులు ఇక్కడ దండగ.

ఇసుకని గాలి ఒత్తిడితో కొట్టి పెయింట్ ఊడగొట్టే శాండ్ బ్లాస్టింగ్ ఎందుకు చేయించవని చాలామంది అడుగుతారు. ఛాసిస్‌కి, వీల్ రిమ్ములకి దాన్ని మించింది లేదు. బానెట్, డోర్ల లాంటి వెడల్పాటి రేకుల మీద మాత్రం ఇసుక దెబ్బలకి పైపొర సాగి రేకు ఉబ్బుతుంది, తర్వాత ఏ మేస్త్రీ వల్లా తిన్నగా అవ్వదు. ఉత్త ఇసుకతో చేసేవాడికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ప్రమాదం వేరే.

గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న ద్రావణం పూసి, ఆరనివ్వకుండా బ్రష్‌తో రుద్ది, కడిగి వెంటనే తుడిచేస్తాను. బాత్రూమ్ యాసిడ్ పోసే మేస్త్రీలున్నారు, వద్దనండి. అందులోని క్లోరైడ్ సందుల్లో దాక్కుని మళ్లీ తుప్పు పట్టిస్తుంది.

మా సముద్రం గాలికి పెయింట్ తీసిన రేకు రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. అందుకని బండి మొత్తం పెయింట్ ఒకేసారి తీయను, పూటకొక ప్యానెల్. తీసిన ప్యానెల్‌కి తిన్నర్ గుడ్డ వేసి, సాయంత్రంలోపు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ కొట్టేస్తాను. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చవకే గానీ దాని మీద పుట్టీ పెట్టి నెలలు వదిలేస్తే చెమ్మ లోపలికి దిగుతుంది.